తాతయ్య ట్రంకుపెట్టెలో పాత సినిమా పబ్లిసిటీ సామాను: ఏది ఒరిజినల్, ఏది రెండో రిలీజు?

కృష్ణలంక_బుల్లోడు
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం పడింది. మా అమ్మ వాళ్ల నాన్న విజయవాడ గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఫిలిం రిప్రజెంటేటివ్‌గా చేసేవారు. తెలియనివాళ్లకి చెప్తున్నా, సినిమా రీళ్ల బాక్సుతో పాటు ఊరూరా తిరిగి, హాలు బుకింగ్ దగ్గర కూర్చుని, తెగిన టిక్కెట్లు లెక్క చూసి, కంపెనీ షేరు పట్టుకొచ్చే ఉద్యోగం అది. ఇల్లు అమ్మేస్తున్నాం కదా అని అటక ఖాళీ చేస్తుంటే ఒక ఇనప ట్రంకుపెట్టె దిగింది. అందులో మడతపెట్టిన వాల్‌పోస్టర్ల కట్ట ఒకటి, పాటల పుస్తకాలు బోలెడు, గులాబీ రంగువీ పసుపు రంగువీ కరపత్రాలు, బిస్కెట్ల డబ్బాలో ఇంటర్వెల్లో తెర మీద వేసే గాజు స్లైడ్లు, హాలు బయట అద్దాల బోర్డులో పెడతారే ఆ స్టిల్స్, పూత పోయిన శతదినోత్సవం షీల్డు ఒకటి.

ఎవరో చెప్తే ఒకాయన ఇంటికొచ్చి చూశాడు. పోస్టర్లు, షీల్డు నేను తీసుకుంటా, మిగతా చెత్త కిలోల లెక్కన వేసేయండి అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అసలు వీటిలో ఏది మొదటి రిలీజుదో, ఏది తర్వాత వేసిందో ఎలా తెలుస్తుంది? పాతాళ భైరవి పాటల పుస్తకం ఉంది, 1951దే అంటారా? ఫొటోలు రాత్రికి పెడతా.

నేలటిక్కెట్
కిలోల లెక్కన వేసేయండి అన్నవాడే మర్నాడు పొద్దున్నే ఆ పాతపేపర్ల కొట్టు ముందు నిలబడి ఉంటాడు, చూస్కోండి. ఏ కొట్టుకి వేస్తారో కూడా అడిగే ఉంటాడు.

కృష్ణలంక_బుల్లోడు
నిజంగానే అడిగాడండీ!!

పాటలపుస్తకాల_పిచ్చి
బుల్లోడు గారూ, ముందు అమ్మగారికి నా తరఫున దండం పెట్టండి. రెండోది, ఏ కట్టా ఊడదీసి సర్దకండి, ఏది దేని పక్కన ఉందో అలాగే ఉండనిచ్చి ఫొటోలు తీయండి. ఒకే మనిషి ఒకే ఉద్యోగంలో పోగేసిన పెట్టె అది, విడదీస్తే మళ్లీ కలవదు.

పాటల పుస్తకం సంగతి నాకు వదిలేయండి, మా ఇంట్లో బట్టల బీరువాలో సగం అవే. సినిమా 1951 మార్చిలో వచ్చింది కానీ పుస్తకం ఆ ఏడే అచ్చయిందని గ్యారంటీ ఏమీ లేదు. ఆ సినిమా ఎన్నిసార్లు మళ్లీ ఆడిందో లెక్క లేదు, ఆడినప్పుడల్లా పుస్తకాలు వేశారు. బొమ్మ ఒకటే, కథ ఒకటే, "శేషం వెండితెరపై" కూడా ఒకటే. అందుకే నేను ముందు చూసేది బొమ్మ కాదు, వెల. అణాల్లో ఉంటే పాత అచ్చు. మన డబ్బు దశాంశంలోకి మారింది 1957 ఏప్రిల్ 1న, అప్పట్నుంచి "న.పై." అని వేశారు, నయాపైసలు. 1964 జూన్‌లో ఆ "నయా" తీసేశారు, తర్వాతవన్నీ ఉత్త పైసలే. మధ్యలో కొంతకాలం పాత నాణేలు, కొత్త నాణేలు కలిసి చెలామణీ అయ్యాయి కాబట్టి రెండు ధరలూ పక్కపక్కన వేసిన పుస్తకాలు కూడా తగులుతుంటాయి. 12 న.పై., 19 న.పై. లాంటి వింత ధర కనిపిస్తే కంగారు పడకండి. రెండణాలకి 12, మూడణాలకి 19 అని అప్పటి మార్పిడి లెక్క. మీ పుస్తకం వెనక అట్ట మీద ఏముందో చూసి చెప్పండి.

కృష్ణలంక_బుల్లోడు
ఇప్పుడే చూశా. వెనక అట్ట కింద చిన్నగా "వెల 12 న.పై." అనే ఉందండీ. అంటే 1951ది కాదన్నమాట.

పాటలపుస్తకాల_పిచ్చి
1957కీ 64కీ మధ్య వేసింది. రెండో రిలీజో మూడో రిలీజో. దిగులు పడకండి, అదీ అరవై ఏళ్ల పైబడిన కాగితమే కదా, పైగా సినిమా అన్నేళ్ల తర్వాత కూడా పుస్తకం అమ్ముడుపోయేంత ఆడిందని చెప్పే కాగితం. మొదటి రిలీజు కావాలని ఎగబడేవాళ్లకి ఇదెందుకు పట్టదో నాకు అర్థం కాదు.

శివకాశి_ఆఫ్‌సెట్
నేను కలెక్టర్ని కాదు, ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాను. వెల లేని కాగితాలకి, అంటే పోస్టర్లకి, కరపత్రాలకి ఇంకో దారి చెప్తా. అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. అది ప్రెస్సువాళ్ల సరదా కాదు, అప్పట్లో 1867 నాటి చట్టం ప్రకారం ప్రింటరు పేరు వేయాల్సి ఉండేది, అందుకే వేశారు. దాన్ని ముందు ఫొటో తీయండి. తర్వాత అడ్రస్ చూడండి. మద్రాసు-17, మద్రాసు-26 అని ఉంటే పాతది. మద్రాసు-600 017 అని ఆరంకెల పిన్‌కోడు ఉందా, 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయినట్టే, ఎందుకంటే పిన్‌కోడు మొదలైందే ఆ రోజున. చెన్నై అని ఉంటే 1996 దాటాక వేసింది. సెన్సారు గుర్తు యు/ఎ అని ఉంటే 1983 తర్వాతది, అంతకు ముందు యు, ఎ రెండే.

1960 నాటి సినిమా పోస్టరు మీద ఆరంకెల పిన్‌కోడు పెట్టుకుని "ఒరిజినల్ ఫస్ట్ రిలీజ్" అని అమ్మేవాళ్లని చూశాను. కొనేవాడు హీరో మొహమే చూస్తాడు, అడుగున లైను చదవడు.

డల్లాస్_తెలుగు
శివకాశి గారూ, భలే టైముకి దొరికారు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మిస్సమ్మ పోస్టర్ చూశాను, 1955 ఒరిజినల్ అంటున్నాడు, చుట్టచుట్టి ట్యూబులో పంపిస్తాడట, ఒక్క మడత కూడా లేదట, మింట్ కండిషన్ అట. ధర వింటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఏం చూడాలి?

శివకాశి_ఆఫ్‌సెట్
మడత లేకపోవడమే నాకు అనుమానం. ఆ రోజుల్లో పోస్టర్లు ప్రెస్సు నుంచే మడతపెట్టి కట్టలుగా వెళ్లేవి, ఆఫీసు నుంచి హాలుకి కూడా అలాగే. మడత గీతలు లేని 1955 పోస్టరు అసంభవం అనను కానీ, ఎందుకు లేవో అమ్మేవాడు చెప్పగలగాలి.

ఇక అచ్చు. ఒక భూతద్దం కొనుక్కోండి, ప్రెస్సువాళ్లు వాడే పది రెట్ల లూపు దొరుకుతుంది. అప్పటి లితో పోస్టర్లకి ఆర్టిస్టు గీసిన బొమ్మని రంగు రంగుకీ విడివిడిగా రాతి మీదో జింకు ప్లేటు మీదో చేత్తో ఎక్కించేవాళ్లు. లూపులో చూస్తే గరుకుగా, ఒక పద్ధతి లేని చుక్కలు, సుద్దముక్క గీతల్లాంటి గీతలు కనిపిస్తాయి. బుగ్గల ఎరుపు కొంచెం పక్కకి జరిగి పెదవి దాటి ఉంటుంది కూడా. ఆఫ్‌సెట్‌లో అయితే వరస తప్పని చుక్కలు, నాలుగు రంగులూ కలిసి చిన్న పువ్వుల్లా. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింటుకి అదీ ఉండదు, పొగమంచు చల్లినట్టు ఉంటుంది. లితో బొమ్మకి ఆఫ్‌సెట్ చుక్కలు కనిపించాయంటే దాన్ని ఎవరో ఫొటో తీసి మళ్లీ అచ్చేశారని అర్థం.

దొంగనోట్లు చూసే యూవీ టార్చి కూడా పనికొస్తుంది, ఒక హద్దు వరకు. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు బాగా వాడకంలోకి వచ్చింది 1950ల నుంచి. 1940ల నాటిదని చెప్పే కాగితం చీకట్లో నీలంగా వెలిగితే అడ్డంగా దొరికినట్టే. 60ల కాగితానికి మాత్రం ఆ పరీక్ష పెద్దగా నమ్మకండి. టీ డికాక్షన్లో ముంచి పాతబడేసినవి వాసన చూసినా తెలుస్తాయి.

డల్లాస్_తెలుగు
అడుగున లైను క్లోజప్ పంపమని అడిగాను. రెండ్రోజులుగా జవాబు లేదు.

నేలటిక్కెట్
వచ్చేసింది కదా జవాబు.

ఆపరేటర్_బాబాయ్
నాయనా బుల్లోడూ, ఆ బిస్కెట్ల డబ్బా ఎక్కడుందో అక్కడే ఉంచు, దాన్ని గుడ్డ తడిపి తుడవొద్దు. తెనాలి పక్క ఒక టూరింగ్ టాకీసులో మొదలుపెట్టి పర్మనెంటు హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా దిగిపోయిన వాణ్ణి, స్లైడ్లు నా చేతిలో ఎన్ని పగిలాయో నాకే తెలుసు. స్లైడంటే ఒక గాజు కాదు, రెండు. ఒకదాని లోపలి వైపు ఫొటో మందు ఉంటుంది, దాని మీదే రంగులు చేత్తో పూసేవాళ్లు, ఆ రంగు చెడకుండా రెండో గాజు మూసి చుట్టూ నల్లకాగితం పట్టీ అంటించేవాళ్లు. మూడుంపావు అంగుళాల చదరం. పట్టీ ఊడి గాజులు విడిపోయి ఉంటే ఫొటో ఉన్న వైపు వేలు కూడా పెట్టకు. పొడి బ్రష్షు, అదీ బయటి వైపు మాత్రమే.

ఇంటర్వెల్లో ముందు ఊళ్లో బట్టలకొట్టు, సోడా కంపెనీ స్లైడ్లు, ఆ తర్వాత "త్వరలో" అని రాబోయే సినిమా. జనం ఈలలేసేది దానికే. కంపెనీ స్లైడు రాకపోతే మా మేనేజరు గాజు మీద మసి పట్టించి సూదితో పేరు రాసి ఇచ్చేవాడు. డాక్టరు గారిని బయటికి పిలవాలన్నా, ఎవరిదో పిల్లాడు తప్పిపోయినా అదే పద్ధతి. అలాంటి మసి స్లైడు ఒక్కటి కూడా ఎక్కడా మిగిలుండదు, ఆట అయ్యాక తుడిచేసి మళ్లీ రాసేవాళ్లం. నీ డబ్బాలో అలాంటిది ఉంటే మాత్రం చెప్పు, నేనే బస్సెక్కి వస్తా.

అబిడ్స్_ఆదివారం
అందరికి నమస్తే. నేను ఆదివారం అబిడ్స్ల ఫుట్‌పాత్ మీద, గురువారం జుమ్మేరాత్ బజార్ల తిరిగి కొంటా, అమ్ముతా, దాచిపెట్ట. ఇక్కడ మాట్లాడేటోళ్లందరు అమ్మెటోన్ని దొంగ లెక్క చూస్తున్నరు గని, మేము కొనకపోతే సగం కాగితం గుజ్జు అయ్యేది అన్నా. పోస్టర్ కొనేటోడు గోడకు తగిలించుకుంటడు, దానికి ఫ్రేమ్ కట్టిస్తడు. కరపత్రం ఎవరు కొంటరు? షీల్డ్ హోటలోడు కొంటడు. మార్కెట్ గిట్లనే నడుస్తది. పెట్టె పెట్టె అట్లనే ఉంచుమంటే కిరాయి ఎవరు కడతరు?

బుల్లోడు అన్నా, నేను నీ సామాను అడుగుతలేను. ఒకటే మాట. ఫలానా పోస్టర్ లక్ష, ఫలానాది రెండు లక్షలు అని యూట్యూబ్ల చెప్పేది నమ్మకు. చేతిల పైసలు పడ్డదే ధర.

పాటలపుస్తకాల_పిచ్చి
మీరు చెప్పేదాంట్లో సగం ఒప్పుకుంటాను, నా దగ్గరున్న మంచి పుస్తకాలు సగం మీలాంటివాళ్ల ద్వారానే వచ్చాయి. కానీ కరపత్రం ఎవరు కొంటారు అన్నారే, అక్కడే గొడవ. పోస్టరు అన్ని ఊళ్లకీ ఒకటే. ఎన్ని పోయినా ఎక్కడో ఒకటి మిగులుతుంది, అందంగా ఉంది కాబట్టి ఎవరో ఒకరు దాస్తారు. కరపత్రం అలా కాదు. ఏ ఊరు, ఏ హాలు, ఏ తేదీ, రోజుకెన్ని ఆటలు, నేల ఎంత, బెంచీ ఎంత, కుర్చీ ఎంత, అన్నీ దాని మీదే ఉంటాయి. ఊళ్లోనే చిన్న ప్రెస్సులో ఒక్క రంగులో వేసి, రిక్షాలో మైకు పెట్టి "నేడే చూడండి" అని అరుస్తూ విసిరిందది. దాని వెనక పిల్లలు పరిగెత్తి ఏరుకున్నారు కానీ దాచుకోలేదు. ఇవాళ మన జిల్లాల్లో మూతబడిన హాళ్లకి ఆ కాగితాలు తప్ప ఇంకో రికార్డు ఏముంది? చాలావాటి స్థలంలో కల్యాణ మంటపాలున్నాయి.

అబిడ్స్_ఆదివారం
అక్కా, కరెక్టే. గని చరిత్రకు పైసలిచ్చేటోడు రాడు గదా.

గోదావరి_డీటీఎస్
మధ్యలో దూరుతున్నా క్షమించాలి. కాగితాలు చరిత్రనే మార్చేసిన సంగతి మన సినిమాలోనే ఉంది కదండీ. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని దశాబ్దాల పాటు రాసుకున్నాం, పండగలు చేసుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ గారు అప్పటి పత్రికల ప్రకటనలు, సెన్సారు వివరాలు తవ్వి తీసి, అది సెన్సారయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా సినిమా థియేటర్లో ఫిబ్రవరి 6న రిలీజయిందనీ తేల్చారు. సినిమా ప్రింటు ఎక్కడా లేదు, చూద్దామన్నా దొరకదు. మిగిలినవల్లా ప్రకటనలు, పాటలు, స్టిల్సు లాంటివే. రేపు ఇంకేదో సినిమా సంగతి తేల్చాల్సి వస్తే బుల్లోడు గారి గులాబీ కాగితమే సాక్ష్యం అవుతుందేమో, ఎవరు చూడొచ్చారు.

కృష్ణలంక_బుల్లోడు
ఫొటోలు పెట్టాను, చూడండి. ఒక విషయం ఇప్పుడే గమనించాం. కరపత్రాల వెనక వైపు ఖాళీ కదా, తాతయ్య అక్కడ పెన్సిల్‌తో లెక్కలు రాసుకున్నారు. దాదాపు అన్నిటి మీదా ఉన్నాయి. నేల, బెంచి, కుర్చీ అని మూడు గళ్లు గీసి, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో అని అడ్డంగా. ఒకదాని మీద "సెకండ్ షో వాన. ఆట ఆపివేత. జనం రేపు రావడానికి ఒప్పుకున్నారు" అని ఉంది. దాని కిందే ఇంకో లైను, "ఎడ్లబండ్లు హాలు వెనక తోటలో. తోట వారికి పాసులు 4". ముందు వైపు పైభాగం చిరిగిపోయింది, సినిమా పేరు లేదు. మిగిలిన భాగంలో ఎన్.టి.రామారావు, అంజలీదేవి, కాంతారావు, నాగయ్య పేర్లు, "గేవాకలర్", "సంగీతం ఘంటసాల", "దర్శకత్వం సి.పుల్లయ్య, సి.ఎస్.రావు" అని ఉన్నాయి. అమ్మ లవకుశ అంటోంది, కరెక్టేనా?

గోదావరి_డీటీఎస్
అమ్మగారికి వందకి వంద. తండ్రీకొడుకులు ఇద్దరి పేర్లూ దర్శకత్వం కింద పడ్డాయంటే లవకుశే, 1963 మార్చి 29. పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా, అందుకే గేవాకలర్ అని ఆ రంగుల ఫిల్ము పేరు అంత పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు. తమాషా ఏంటంటే 1934లో వచ్చిన పాత లవకుశ తీసింది కూడా ఆ పుల్లయ్య గారే.

ఆపరేటర్_బాబాయ్
ఎడ్లబండ్ల మాట అక్షరాలా నిజం. లవకుశకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని, చద్దిమూటలతో వచ్చేవాళ్లు. హాలు బయట బండ్లు నిలిపే చోటు కోసం కొట్లాటలు. తోటవాడికి పాసులిచ్చాడంటే మీ తాత మంచి లౌక్యుడు, ఆ పాసులు షేరులోంచి ఎలా తగ్గించాలో హాలువాడితో వాదించే ఉంటాడు. డీసీఆర్‌లో అది రాయడానికి గడి ఉండదు కదా, అందుకే వెనక రాసుకున్నాడు.

నేలటిక్కెట్
డీసీఆర్ అంటే ఏంటి బాబాయ్?

ఆపరేటర్_బాబాయ్
డైలీ కలెక్షన్ రిపోర్టు నాయనా. ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయి, ఎంత వచ్చింది, టాక్సు పోగా ఎంత, అన్నీ రాసి హాలువాడు, రిప్రజెంటేటివ్ ఇద్దరూ సంతకం పెట్టి ఆఫీసుకి పంపేది.

అబిడ్స్_ఆదివారం
ఇగ ఇది చూసినంక నా మాట కొద్దిగ మార్చుకుంటున్న. కరపత్రాలు అమ్మకు అన్నా. వెనక గట్ల రాసినయి నేను ఇన్నేండ్లల్ల చూడలే. అమ్మితే మొత్తం ఒక్కనికే అమ్ము, లేకుంటే అసలే వద్దు. పోస్టర్లు వేరే లెక్క, అవి నీ ఇష్టం.

శివకాశి_ఆఫ్‌సెట్
మీరు పెట్టిన పోస్టర్ల ఫొటోలు చూశాను. నాలుగోది, అడుగున ఈశ్వర్ సంతకం ఉన్నది, జాగ్రత్త. 1967లో సాక్షి సినిమా దగ్గర మొదలై మన పోస్టరుకి ఒక తీరు తెచ్చిన పాలకొల్లు మనిషి, 2021లో పోయారు. చాలామంది కలెక్టర్లు హీరో పేరు చూసి కొంటారు, నేనైతే ఆర్టిస్టు సంతకం చూసి కొంటాను. ఈశ్వర్, గంగాధర్, కేతా, బాపు, ఒక్కొక్కరి అక్షరాలు ఒక్కో రకం, పేరు రాసిన తీరు చూసే చెప్పేయొచ్చు.

ఇంకో సంగతి, మీ రెండో పోస్టరు అడుగున "4వ వారం" అని ఎర్ర స్లిప్పు అంటించి ఉంది కదా, దాన్ని గీకేయమని ఎవరైనా చెప్తే వినకండి. స్లిప్పు తీసేస్తే అది ఏదో ఒక పోస్టరు, ఉంచితే ఫలానా సెంటర్లో నాలుగో వారం ఆడిన పోస్టరు.

కృష్ణలంక_బుల్లోడు
గీకమని ఆల్రెడీ చెప్పారండీ ఒకరు. ఇప్పుడు వీటిని ఎలా దాచాలి? మా బావ లామినేషన్ చేయించేద్దాం అంటున్నాడు. కొన్ని మడతల దగ్గర చిరిగాయి, సెల్లోటేపు వేయనా?

పాటలపుస్తకాల_పిచ్చి
అయ్యో!! బావగారిని కాసేపు బయటికి పంపించేయండి.

లామినేషన్ చేస్తే ఇక తీయలేరు, లోపల కాగితం మాత్రం పండిపోతూనే ఉంటుంది. సెల్లోటేపు కొన్నేళ్లకి ఎండి ఊడిపోతుంది, కానీ జిగురు తాలూకు గోధుమ రంగు మరక కాగితంలో దిగిపోతుంది, అది పోదు. చిరిగినచోట వదిలేయండి. తప్పదనుకుంటే పల్చటి జపాన్ టిష్యూ, గోధుమ గంజితో వెనక వైపు అతికిస్తారు, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. పెద్ద పోస్టర్లకి గుడ్డ మీద ఎక్కించడం కూడా ఉంది, అదీ అంతే.

పాటల పుస్తకాలు ఒక్కొక్కటి పాలియెస్టర్ కవర్లో, మైలార్ అని అడగండి. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ ఫైల్ కవర్లు వద్దు, వాటికి అచ్చు అంటుకుపోయి అట్ట మీద హీరోయిన్ మొహం కవరుకి వచ్చేస్తుంది. పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా విప్పి తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. కలరా ఉండలు నేరుగా కాగితాల మధ్య పడేయకండి. విజయవాడ ఉక్కకి ట్రంకుపెట్టె మూసి పెడితే లోపల చెమ్మ పడుతుంది, అటక మీద నుంచి దింపి గోడకి ఆనకుండా, నేలకి ఎత్తులో పెట్టండి. మూణ్నెల్లకోసారి తెరిచి చూడండి. చెదపురుగు కంటే సిల్వర్‌ఫిష్ ప్రమాదం, చప్పుడు లేకుండా అట్ట మీద రంగు నాకేస్తుంది.

ఆపరేటర్_బాబాయ్
గోడ మీద అంటించే పోస్టరు జిగురులో మాత్రం మైలుతుత్తం కలిపేవాళ్లం. లేకపోతే మైదా వాసనకి ఆవులొచ్చి హీరోని సగం నమిలేసేవి. ఊరి ఆవులకి ఇంటర్వెల్ లేదు.

డల్లాస్_తెలుగు
ఒక సందేహం. ఈ పాత పోస్టర్లు స్కాన్ చేసి టీషర్టుల మీద వేసి అమ్ముతున్నారు ఇక్కడ, తెలుగు సంఘాల మీటింగుల్లో బాగా పోతున్నాయి. పోస్టరు మనదైతే వేసుకోవచ్చా? ఇండియా నుంచి తెచ్చుకోడానికి ఇబ్బందేమైనా ఉందా?

గోదావరి_డీటీఎస్
కాగితం మీది కావచ్చు, దాని మీది బొమ్మకి హక్కు మీది కాదు. ఆర్టిస్టు పేరున్న బొమ్మకి మన చట్టం ప్రకారం ఆయన పోయాక కూడా 60 ఏళ్ల దాకా కాపీరైటు నడుస్తుంది. ఆ హక్కు ఆర్టిస్టుదా, డబ్బిచ్చి గీయించుకున్న నిర్మాతదా అన్నది వేరే పెద్ద గొడవ. ఇంట్లో గోడకి పెట్టుకోండి, వ్యాపారం మాత్రం అడిగి చేయండి. ఇక తీసుకెళ్లడం అంటారా, 1972 నాటి పురావస్తువుల చట్టం మామూలుగా వందేళ్లు దాటిన వస్తువులకి. 60ల నాటి పోస్టరుకి ఆ చిక్కు లేదు.

నేలటిక్కెట్
షీల్డు సంగతి ఎవరూ మాట్లాడరేం? దాని మీద పేరు ఎవరిది?

కృష్ణలంక_బుల్లోడు
తాతయ్యది కాదండీ, ఒక హాలు ప్రొప్రయిటరు పేరుంది. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ కుటుంబం ఎక్కడుందో కూడా అమ్మకి తెలుసట. మా ఇంట్లో ఎందుకుందో మాత్రం ఎవరికీ తెలీదు.

అబిడ్స్_ఆదివారం
వాళ్లను అడుగు అన్నా ముందుగల. షీల్డుల మీద పేరు గీకి హీరో పేరు చెక్కి అమ్మిన కేసులున్నయి మార్కెట్ల. నీది ఆ దారిల పోకుండ చూస్కో.

పాటలపుస్తకాల_పిచ్చి
చివరికి ఎక్కడికి పోవాలి అన్నదాని గురించి కూడా ఒక మాట. పుణేలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, 2022లో దాన్ని ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపారు. వాళ్లు రీళ్లే కాదు, పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్సు కూడా భద్రపరుస్తారు. ఇస్తే చలవగదిలో పెడతారు, బాగానే ఉంటాయి. కానీ నా మనసులో మాట చెప్పాలంటే, గుంటూరు జిల్లా హాళ్ల కరపత్రాలు పుణేలో ఉంటే గుంటూరు వాడు ఎప్పుడు చూస్తాడు? మన దగ్గర ఇలాంటివాటికి ఒక గట్టి చోటు లేకపోవడమే అసలు బాధ. అది వచ్చేదాకా అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచి, స్కానులు అందరికీ అందేలా చేయండి. 600 డీపీఐ, రెండు వైపులా, పక్కన ఒక స్కేలు పెట్టి. వెనక పెన్సిల్ గీతలు స్కానర్లో పల్చగా వస్తాయి, వాటికి మాత్రం కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో ఫోనుతో ఇంకో ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు.

కృష్ణలంక_బుల్లోడు
అమ్మకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఇంటికొచ్చినాయనకి ఫోన్ చేసి పోస్టర్లు కూడా ఇవ్వం అని చెప్పేసింది. ఆయన రేటు డబుల్ చేశాడు, అప్పుడింకా గట్టిగా వద్దంది. కరపత్రాలు ముందు స్కాన్ చేస్తాం, ఊరి పేరు, హాలు పేరు, తేదీ ఒక ఎక్సెల్ షీటులో ఎక్కిస్తా, ఇక్కడే లింకు పెడతా. తేదీ లేనివి చాలా ఉన్నాయి, "శుక్రవారం నుండి" అని ఉంటుందంతే, వాటి సంగతి మీరే తేల్చాలి. స్కానరు మా దగ్గర చిన్నది, స్టిల్సు పట్టవు. విజయవాడలో ఎవరి దగ్గరైనా ఏ3 సైజు స్కానరు ఉందా?

గోదావరి_డీటీఎస్
నా దగ్గర ఉంది, రాజమండ్రిలో. రెండో శనివారం విజయవాడ వస్తున్నా, కార్లో వేసుకొస్తా. తేదీల సంగతి కూడా అప్పుడే కూర్చుని చూద్దాం, పాత పేపర్లలో సినిమా ప్రకటనలతో సరిపోల్చుకుంటే సగం తేలిపోతాయి.

ఆపరేటర్_బాబాయ్
అయితే నేనూ వస్తా. స్లైడ్లు మాత్రం నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు, డబ్బా మూత కూడా తీయొద్దు. బావగార్ని అసలే రానివ్వొద్దు.